ఎదుటివారి మైదానంలో

కలకత్తాలో హుగ్లీ నదికి తూర్పున, ఫోర్ట్ విలియం కోట చుట్టూ, విశాలమైన పచ్చిక బయలొకటి ఉన్నది. కోట ఫిరంగులకు అడ్డు లేకుండా ఉండవలెనని పద్ధెనిమిదో శతాబ్దంలో ఆంగ్లేయులు అడవి నరికించి చదును చేయించిన నేల అది. కోట సైన్యానిది, బయలూ సైన్యానిదే. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఆంగ్లసైన్యానికి బదులు భారతసైన్యం హక్కుదారు అయింది గాని, ఏర్పాటు మాత్రం మారలేదు. అందుచేత అక్కడ ఇటుకమీద ఇటుక పేర్చి శాశ్వతమైన కట్టడం లేపడం సులభం కాదు. వంగదేశపు పేరుమోసిన ఫుట్‌బాలు క్లబ్బులు ఆ బయలులోనే కొయ్యబల్లలతో గాలరీలు కట్టుకొని, వాటి నడుమ ఆడుతూ పెరిగాయి. ఆ క్లబ్బుల కార్యాలయాలను జనం నేటికీ 'టెంటు' అనే పిలుస్తారు. ఎప్పుడు లెమ్మంటే అప్పుడు లేచిపోవలసినవారి మాట అది. శతాబ్దం గడిచినా నోట నిలిచిపోయింది.

తక్కిన దేశాలలో ఎదుటి జట్టు మైదానానికి పోయి ఆట చూడడమంటే ఒక ప్రయాణం. రైలెక్కాలి, పరాయి ఊళ్లో దిగాలి, పరాయి వీథులలో నడవాలి. కలకత్తాలో అదేమీ అక్కరలేదు. మోహన్ బాగాన్ మైదానమూ, ఈస్ట్ బెంగాల్ మైదానమూ, మహమ్మడన్ స్పోర్టింగు మైదానమూ ఒకదానికొకటి కేకవేటు దూరంలో ఉన్నాయి. ట్రాము దిగి ఒక వైపుకు బదులు మరొక వైపుకు తిరిగితే చాలు, శత్రుదేశంలో ఉన్నట్లే. అదే ట్రాములో, అదే బల్లమీద, ఒకే పేటకు చెందిన ఇద్దరు కూర్చుని వచ్చి, దిగినచోట విడిపోతారు. ఎదుటివారి గడ్డమీద ఎదుటివాడుగా నిలబడడం ఈ నగరవాసులకు ఎలా అలవడిందో, ఒకసారి ఎంత ఖరీదు తీసుకున్నదో చెప్పడానికే ఈ వ్యాసం.

మొదట ఎదుటివారు తెల్లవారు. 1911 జూలై 29న ఐ.ఎఫ్.ఏ. షీల్డు ఆఖరి పోటీ జరిగింది కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు మైదానంలో. అది దొరల క్లబ్బు. నల్లవారికి అందులో సభ్యత్వం లేదు. ఒక పక్షం ఈస్ట్ యార్క్‌షైరు పటాలం. రెండవ పక్షం 1889లో ఉత్తర కలకత్తాలో పుట్టిన మోహన్ బాగాన్. ఆ జట్టులో ఒక్క సుధీర్ ఛటర్జీకి తప్ప తక్కిన పదిమందికీ కాళ్లకు బూట్లు లేవు. ఆ రోజు వచ్చిన జనాన్ని అరవైవేలనీ ఎనభైవేలనీ నాటివారు అంచనా కట్టారు. పల్లెలనుంచి వచ్చేవారికోసం ప్రత్యేకంగా రైళ్లూ స్టీమర్లూ నడిపారు. అంత జనానికి ఆ మైదానంలో చోటెక్కడిది? చూడగలిగినవారు కొద్దిమంది, తక్కినవారు చూడడానికి కాదు, అక్కడ ఉండడానికి వచ్చారు. చెట్లెక్కినవారు ఎక్కారు, పెట్టెలమీద నిలబడ్డవారు నిలబడ్డారు. ఎవరు ఎన్ని గోళ్లు వేశారో దూరాన ఉన్నవారికి తెలియడానికి ఆకాశంలోకి గాలిపటాలు ఎగరవేశారు. ఆటలో మొదట గోలు వేసింది పటాలంవారే. తరువాత శివదాస్ భాదురీ సమం చేశాడు. చివరి నిమిషాలలో అభిలాష్ ఘోష్ వేసిన గోలుతో షీల్డు భారతీయుల చేతికి మొదటిసారిగా వచ్చింది.

వంగదేశం అప్పటికి ఆరేండ్లనుంచి రెండు ముక్కలై ఉన్నది. ఆ సంవత్సరాంతాన ఢిల్లీ దర్బారులో ఆ విభజన రద్దయింది. రాజధాని ఢిల్లీకి తరలిపోవడం నిశ్చయమైంది. షీల్డుకూ దర్బారుకూ సంబంధం అంటగట్టేవారున్నారు గాని, నేను అంత దూరం పోను. అయితే ఆ సాయంకాలాన్ని గురించి చెప్పుకునే కథ ఒకటి ఉన్నది. ఎవరో వృద్ధుడు గెలిచి వస్తున్న ఆటగాళ్లను ఆపి, కోటమీది ఆంగ్లజెండాను వేలితో చూపి, అది ఎప్పుడు దిగుతుందని అడిగాడట. జరిగిందో లేదో తెలియని కథలలో ఇది ఒకటి. జరిగినా జరగకపోయినా, పరాయివాడి మైదానంలో నిలబడి కేకవేసిన జనం మనస్సులో ఏమున్నదో ఈ కథ చెప్పుకున్న తీరులోనే తెలుస్తుంది. ఆ కేక వారి సొంత గాలరీలనుంచి లేచినది కాదు, అతిథులకు కూడా స్థానమివ్వని చోటినుంచి లేచినది. దాని బలం అందులోనే ఉన్నది. చరిత్ర వేళాకోళం చేయక మానదు: తరువాత అర్ధశతాబ్దానికి ఆ మైదానంలోకే మోహన్ బాగాన్ తన టెంటు మార్చుకున్నది. ఎవరి గడ్డమీద అతిథి కూడా కాలేకపోయారో ఆ గడ్డకే గృహస్థులయ్యారు.

తెల్లవారు ఎదుటివారుగా ఉన్నంతకాలం బెంగాలీలందరూ ఒక వైపే. కాని జట్లు పెరిగేకొద్దీ వైపులూ పెరిగాయి. 1920 జూలై 28న జోరాబాగాన్ అనే జట్టు మోహన్ బాగాన్‌తో ఆడవలసి ఉండగా, శైలేష్ బోస్ అనే ఆటగాణ్ణి తొలగించి బరిలో దిగింది. ఆ క్లబ్బు ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి ఆగ్రహించి బయటికి వచ్చాడు. మూడు రోజులు గడిచాయో లేదో, ఆగస్టు 1న ఈస్ట్ బెంగాల్ క్లబ్బు ఏర్పడింది. పద్మానదికి ఆవలినుంచి వచ్చి కలకత్తాలో ఉద్యోగాలు చేసుకుంటున్నవారికి, మాట యాసను ఎగతాళి చేయించుకుంటున్నవారికి, తమదంటూ ఒక పేరు దొరికింది. ఆ కాలంలో కలకత్తా లీగు మొదటి డివిజనులో రెండుకు మించి భారతీయ జట్లకు చోటు లేదు. ఆ నిబంధన తొలగిన తరువాత, 1925 మే 28న ఈ రెండు జట్లూ లీగులో మొదటిసారి తలపడ్డాయి. నేపాల్ చక్రవర్తి వేసిన ఒకే ఒక గోలుతో కొత్తవారు గెలిచారు. 1911లో షీల్డు తెచ్చిన మోహన్ బాగాన్ ఆటగాళ్లలో ఎక్కువమంది తూర్పు బెంగాలు కుటుంబాలవారేనన్న సంగతిని అప్పటినుంచీ ఇరుపక్షాలవారూ సౌకర్యంగా మరచిపోయారు.

ఇక్కడ పాఠకులు ఆగి గమనించవలసిన ముచ్చట ఒకటి ఉన్నది. ఈ ఇద్దరు శత్రువులూ చాలా ఏండ్లు, 1960 దశాబ్ది తొలినాళ్లవరకు, ఒకే మైదానాన్ని పంచుకొని కాపురం చేశారు. అదే గడ్డి, అవే గోలుస్తంభాలు. ఎదుటివారి మైదానమూ తమ మైదానమూ ఒకటే! అన్నదమ్ములు ఇంటి నడుమ గోడ పెట్టుకొని, పెరటి బావి మాత్రం ఉమ్మడిగా ఉంచుకున్నట్లు. ఒకరి నీరు ఒకరు ముట్టరు. చేద మాత్రం ఒకటే. ఈ ఏర్పాటు చూస్తే, వారి పగలో చుట్టరికపు పాలు ఎంత ఉన్నదో అర్థమవుతుంది.

1947 విభజన తరువాత ఆ పాలు మరింత ఎక్కువయింది. సరిహద్దు దాటి లక్షలాది మంది శరణార్థులు వచ్చారు. స్యాల్దా స్టేషను ప్లాటుఫారాలమీదా, నగరపు దక్షిణపుటంచున గుడిసెలు వేసుకున్న కాలనీలలోనూ తలదాచుకున్నవారికి తమ దేశం పేరు మోస్తున్నది ఒక్కటే కనిపించింది, ఈ ఫుట్‌బాలు జట్టు. పటంలో ఈస్ట్ బెంగాల్ లేకుండా పోయింది, మైదానంలో ఉన్నది. పడమటి బెంగాలువారిని 'ఘోటీ' అనీ, తూర్పువారిని 'బాంగాల్' అనీ అనడం అంతకుముందునుంచీ ఉన్నదే. ఇప్పుడా మాటలకు కూడూ గూడూ తోడయ్యాయి. బాంగాలు వంటింటికి గుర్తు ఇలిష్ చేప. ఘోటీ వంటింటికి గుర్తు రొయ్య. మన గోదావరి తీరంవారు పుస్తెలు తాకట్టు పెట్టి అయినా తినాలంటారే, ఆ పులసయే వారి ఇలిష్. ఈస్ట్ బెంగాల్ గెలిచిన సాయంకాలం బజారులో ఇలిష్ ధర పెరుగుతుందనీ, మోహన్ బాగాన్ గెలిస్తే రొయ్య ధర పెరుగుతుందనీ నానుడి. ఓడినవాడు ఆ పూట మార్కెట్టు దారిన పోడు.

ఇటువంటి ఊళ్లో ఎదుటివారి గాలరీలో టిక్కెట్టు దొరికినవాడి పాట్లు వినదగ్గవి. అశ్వికపోలీసుల గుర్రాల నడుమ క్యూలో గంటలకొద్దీ నిలబడి, చివరికి ఎక్కడ చోటు దొరికితే అక్కడ చొరబడ్డవాడు అతడు. తన జట్టు గోలు వేసినప్పుడు కాళ్లు వాటంతటవే లేస్తాయి, అణచుకోవాలి. తన జట్టు గోలు తిన్నప్పుడు ఇంకా కష్టం. చుట్టూ ఉన్నవారు లేచి గంతులు వేస్తూంటే తానొక్కడే కూర్చుంటే దొరికిపోతాడు. కాబట్టి లేవాలి, ప్రక్కవాడు కౌగలించుకుంటే కాదనకూడదు. యాస బయటపడకుండా నోరు కట్టుకోవాలి. విరాటుని కొలువులో బృహన్నల పడ్డ అవస్థకు ఇది తక్కువేమీ కాదు. ఇతడికి గడువు సంవత్సరం కాదు, గంటన్నర మాత్రమే. అయితే తిరిగి వచ్చేటప్పుడు ఇటువంటివాడు తనవారికి చెప్పే మాటలు వేరుగా ఉంటాయి. ఎదుటి జట్టు వెనుకవరుస ఎంత బాగా ఆడిందో తనవారి మధ్య కూర్చున్నవాడికి కనిపించదు. ఇతడికి కనిపిస్తుంది; ప్రక్కవాడు చెవిలో చెబుతూనే ఉంటాడు గనుక.

మహమ్మడన్ స్పోర్టింగు కథ విడిగా చెప్పవలసినంత పెద్దది. 1934 మొదలు 1938 వరకు వరుసగా ఐదేండ్లు లీగు గెలుచుకొని, తెల్లజట్ల ఆధిపత్యాన్ని ముగించింది ఆ జట్టే. దానికి వెనుక నిలిచిన ముస్లిం ప్రేక్షకులు మైదానంలో ఏ మూలకు పోయినా ఎదుటివారుగానే లెక్కకు వచ్చేవారు. 1946 ఆగస్టు 16న అదే బయలులో, ఆక్టర్‌లోనీ స్తంభంవద్ద జరిగిన సభ తరువాత నగరం నెత్తుటి మడుగైంది. దేశవిభజన జరిగింది. ఆ మరుసటి సంవత్సరం, 1948లో, మహమ్మడన్ స్పోర్టింగు మళ్లీ లీగు గెలిచింది. ఆ సంవత్సరం ఆ జట్టుకోసం మైదానానికి నడిచి వచ్చిన ప్రేక్షకుడి ధైర్యాన్ని ఏ పట్టికలోనూ నమోదు చేయలేదు.

తెలుగువారికి ఈ మైదానంతో సంబంధం లేకపోలేదు. 1949 మొదలు ఈస్ట్ బెంగాల్‌కు కీర్తి తెచ్చిన ముందువరుసను జనం 'పంచపాండవులు' అన్నారు: అహమద్ ఖాన్, సాలే, వెంకటేశ్, ధనరాజ్, పేరులోనే తెలుగుదనం పలికే అప్పారావు. ఐదుగురూ దక్షిణాదివారే. పద్మానది ఎటు పారుతుందో ఎరుగని ఐదుగురు, ఇల్లు పోగొట్టుకొని వచ్చిన పద్మాతీరవాసుల గుండెలలో దీపాలు వెలిగించారు. అటు హైదరాబాదు పోలీసు జట్టు సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1950లో మోహన్ బాగాన్‌ను ఓడించి డ్యురాండ్ కప్పు తీసుకున్నది. బొంబాయి రోవర్సు కప్పును 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలిచింది. ఎల్లప్పుడూ ఎదుటివారి మైదానాలలోనే ఆడి గెలిచిన జట్టు అది. సికిందరాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం తరువాత ఈస్ట్ బెంగాల్ ఎరుపు-పసుపు చొక్కా తొడిగాడు.

రహీం పేరు వచ్చింది గనుక కలకత్తానుంచి కొంచెం దూరం పోక తప్పదు. 1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. ఇజ్రాయెల్‌నూ తైవానునూ రానీయకపోవడాన్ని భారతదేశానికి చెందిన క్రీడాధికారి జి.డి. సోంధీ విమర్శించినందుకు ఇండొనీషియా ప్రజలు కోపగించారు. భారత రాయబార కార్యాలయంమీద దాడి కూడా జరిగింది. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో ఆఖరి ఆట ఆడడానికి రహీం జట్టు సెనయాన్ స్టేడియంలో దిగేసరికి, లక్షమందికి దగ్గరైన జనం ఏకకంఠంతో గేలిచేశారు. మన పక్షాన గొంతు విప్పేవారు ఎవరున్నారు? ఉన్నారు. హాకీలో మనలను ఓడించి బంగారు పతకం గెలుచుకున్న పాకిస్తాను జట్టువారు గాలరీలో కూర్చుని భారతజట్టుకోసం కేకలు వేశారని మన ఆటగాళ్లు తరువాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగు మరొక గోలు వేశారు. 2–1తో బంగారు పతకం మనకు వచ్చింది. జర్నైల్ సింగు ఆనాడు పాకిస్తానులో చేరిపోయిన నేలపై పుట్టి, విభజనలో శరణార్థిగా ఈవలికి వచ్చినవాడు. మోహన్ బాగాన్‌కు చెందిన అతడూ నాయకుడు చునీ గోస్వామీ, ఈస్ట్ బెంగాల్‌కు చెందిన బలరాం, హైదరాబాదు యూసుఫ్ ఖాన్ ఆ సాయంకాలం ఒకే చొక్కా తొడుక్కొని ఉన్నారు. మరుసటి ఏడు జూన్‌లో రహీం కాన్సరుతో మరణించాడు. పరాయి దేశంలో, అందరూ ఎదుటివారైనచోట, పొరుగు శత్రువు గొంతు వినిపించడం ఎటువంటిదో ఆ పదకొండుమందికి తెలుసు. కలకత్తా మైదానంలో అటువంటి గొంతు తరచుగా వినిపించి ఉంటే బాగుండేది.

వినిపించలేదు. 1970 దశాబ్దిలో పంతం ముదిరింది. నిరుద్యోగమూ రాజకీయ హింసా నగరాన్ని కమ్ముకున్న ఆ యేండ్లలో యువకులకు గెలవడానికి ఇదొక్కటే మిగిలిందా అన్నట్లుండేది. 1975 సెప్టెంబరు 30న షీల్డు ఆఖరి పోటీలో ఈస్ట్ బెంగాల్ ఐదు గోళ్లు వేసింది. మోహన్ బాగాన్ ఒక్కటీ వేయలేదు. ఓడిన జట్టు ఆటగాళ్లు కొందరు సొంత అభిమానుల కంటబడలేక ఆ రాత్రి గంగమీద పడవలో గడిపారని చెబుతారు. ఒక యువకుడు ఆ అవమానం భరించలేక ప్రాణం తీసుకున్నాడు. ఆటకు ప్రాణం పెట్టడమన్న మాటను మనం ఎంత తేలికగా వాడుతామో అప్పుడు తెలిసివచ్చింది.

1980 ఆగస్టు 16న ఈ రెండు జట్ల లీగు ఆట ఈడెన్ గార్డెన్సులో జరిగింది. అంతకుముందు ఇటువంటి పెద్ద ఆటలకు ఇరుపక్షాలవారూ సామాన్యంగా వేర్వేరు వైపులలో కూర్చునేవారు. ఆ రోజు అలా జరగలేదు. ఒకే గాలరీలో, ఒకే బల్లమీద, ఇరుజట్లవారూ కలసిపోయి కూర్చున్నారు. కాగితంమీద చూస్తే ఇది మంచి మాటే. అందరూ ఒకే నగరవాసులు, ఎందుకు విడదీయాలి? కాని గడ్డిమీద కోపతాపాలు పెరిగాయి. రెండవ సగంలో ఒక్కొక్క జట్టునుంచి ఒక్కొక్క ఆటగాణ్ణి రిఫరీ బయటికి పంపాడు. గాలరీలో రాళ్లు లేచాయి. రాయి ఎటునుంచి వచ్చిందో చూచుకోవడానికి అక్కడ 'ఎటు' అనేదే లేదు. ఎదుటివాడు ప్రక్కనే ఉన్నాడు. భయపడ్డవారు ఒక్కుమ్మడిగా ఇరుకు మెట్లవైపు పరుగెత్తారు. పదహారుమంది మరణించారు. ఈలోగా ఆట సాగుతూనే ఉన్నది; ఇరుపక్షాలకూ గోలు లేకుండా ముగిసింది. స్టేడియంలో అవతలి వైపు ఉన్న వేలాది మందికి ఏమి జరిగిందో తెలియదు.

ఆ పదహారుమందీ ఏ పక్షంవారని ఎవరూ లెక్కవేసి చెప్పరు. అది కలకత్తావారి సంస్కారమని నేను అనుకుంటాను. ముప్ఫైనాలుగేండ్ల క్రితం అదే తేదీన అదే నగరం మతాల పేరిట చీలి నెత్తురు కార్చింది. ఈసారి చొక్కారంగుల పేరిట. నాటినుంచి ప్రతి సంవత్సరం ఆగస్టు 16ను ఫుట్‌బాలు ప్రేమికుల దినంగా పాటించి రక్తదానం చేస్తారు. ఆ రక్తం ఏ జట్టు అభిమానిదో ఎక్కించుకునే రోగికి తెలియదు.

తరువాత ఏర్పాట్లు మారాయి. 1984లో నగరపు తూర్పు వైపున సాల్ట్ లేక్ స్టేడియం తెరిచారు. ఇరుపక్షాలకూ ద్వారాలు వేరు, మెట్లు వేరు, గాలరీలు వేరు. 1997 జూలై 13న ఫెడరేషన్ కప్పు సెమీఫైనలుకు అక్కడ 1,31,781 మంది వచ్చారు. భైచుంగ్ భూటియా మూడు గోళ్లు వేయగా ఈస్ట్ బెంగాల్ 4–1తో గెలిచింది. అంతమంది వచ్చి క్షేమంగా ఇళ్లకు పోయారు. కంచెలను తిట్టడం తేలిక. కంచెలు లేనినాడు ఏమైందో చూచినవారు తిట్టరు. అయినా కంచె కూడా అన్నిటినీ ఆపలేదు. 2012 డిసెంబరు 9న ఆట నడుమ గాలరీనుంచి వచ్చిన రాయి మోహన్ బాగాన్ ఆటగాడు రహీం నబీ ముఖానికి తగిలింది. రెండవ సగం ఆ జట్టు ఆడలేదు. ఇక కంచె తీసుకున్నది కూడా ఒకటి ఉన్నది. చెవిలో ఎదుటి జట్టు గొప్ప చెప్పే ప్రక్కవాడు పోయాడు. కౌగలించుకున్నవాణ్ణి కాదనలేక లేచి నిలబడ్డ బృహన్నల పోయాడు. ఇప్పుడు ఎదుటివారంటే అర్ధ ఫర్లాంగు అవతల ఊగుతున్న రంగుగుడ్డ.

2024 ఆగస్టు 9న కలకత్తాలోని ఒక ప్రభుత్వ వైద్యశాలలో పనిమీద ఉన్న యువ వైద్యురాలిపై అత్యాచారం చేసి చంపివేశారు. నగరమంతా వీథులలోకి వచ్చింది. ఆగస్టు 18న సాల్ట్ లేక్ స్టేడియంలో డ్యురాండ్ కప్పు పోటీలో ఈ రెండు జట్లూ తలపడవలసి ఉండగా, చాలినంత బందోబస్తు కల్పించలేమని ఆటను ముందురోజున రద్దుచేశారు. అయినా జనం వచ్చారు. ఆట లేని మైదానం వెలుపల, ఎరుపు-పసుపు చొక్కాలూ, ఆకుపచ్చ-ముదురెరుపు చొక్కాలూ కలసి నడిచాయి. మహమ్మడన్ స్పోర్టింగు నలుపు-తెలుపువారూ వచ్చి చేరారు. చనిపోయిన అమ్మాయికి న్యాయం కావాలని అరిచారు. ఎవరి గాలరీ ఏదో విడదీసే ద్వారాలు ఆ రోజు మూసి ఉన్నాయి. అందరూ రోడ్డుమీదనే ఉన్నారు. పోలీసులు లాఠీలు ఝళిపించినప్పుడు దెబ్బలు రంగు చూచి పడలేదు. ఒక జట్టు అభిమాని భుజాలమీద ఎదుటి జట్టు అభిమాని ఎక్కి నినాదం చేస్తున్న ఛాయాచిత్రం మరునాటికి దేశమంతా చూచింది.

రెండు నెలల తరువాత, అక్టోబరు 19న, అదే స్టేడియంలో ఈ జట్లు లీగు ఆట ఆడాయి. మోహన్ బాగాన్ 2–0తో గెలిచింది. ప్రేక్షకులు ఎప్పటిలాగే ఎవరి ద్వారాలగుండా వారు లోపలికి పోయి, ఎవరి ద్వారాలగుండా వారు బయటికి వచ్చారు.